పై సరస్సు దాటే దారి

మే 19

ఇది నా మంచు లెక్కల నోటుబుక్కు. సగం దాకా అంకెలే. ఏ సరస్సు ఏ తారీఖున గడ్డకట్టింది, ఏ తారీఖున కరిగింది, ఐదేళ్ళ లెక్క. మిగిలిన సగంలో ఇక ఇవి రాస్తాను. డాక్టరు నిద్రమాత్రలు రాసిచ్చాడు గానీ అవి మింగితే మధ్యాహ్నం దాకా తల దిమ్ముగా ఉంటోంది.

అన్నయ్య పోయి ఎనిమిది రోజులు. 'పోయి' అన్న మాట రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేశాను. మూడోసారి ఉంచేశాను. పై సరస్సు మీద గడ్డ విరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఆయన వెంట కొండెక్కుతున్న ఇద్దరూ ఒడ్డునే ఉన్నారు, క్షేమంగా దిగొచ్చారు. అన్నయ్య మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. జూలైలో గడ్డంతా కరిగేదాకా ఎవరూ ఏమీ చేయలేరని మేక చెప్పాడు. అన్నయ్యకి కొండలెక్కడం నేర్పిన గైడు ఆయన. అరవై దాటినా మేకలు తప్ప మరో ప్రాణి నిలవని చోట నిలబడతాడు కాబట్టి ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఆయన చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు.

వదిన ఏడవలేదు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని, జిప్పులు ఊడి బాగుకి వచ్చిన టెంట్ల గుట్టని చూస్తూ ఉంటుంది. పిలిస్తే పలుకుతుంది. పెడితే తింటుంది.

మే 20

ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లో ఉంటే గోడలు మీదికి వచ్చేట్టున్నాయి.

నా బల్ల వదిలినట్టే ఉంది. మ్యాపులుండే వెడల్పాటి సొరుగులు, వంగిన లైటు, స్టాండు మీద శాటిలైట్ ఫోను, దాని పక్కన ఫోన్ల రిజిస్టరు. పన్నెండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చునే మనుషుల్ని శిఖరాలకి పంపిస్తున్నాను. ఏ ఒడ్డు వెంట నడవాలి, ఎక్కడ టెంటు వేయాలి, ఎన్నింటికల్లా కనుమ దాటాలి, అన్నీ నేను గీస్తాను, అన్నయ్య నడుస్తాడు. "మా గీతలమ్మ గీత గీసిందంటే నేను కళ్ళు మూసుకుని నడిచేస్తా" అని వచ్చినవాళ్ళందరి ముందూ గొప్పలు పోయేవాడు.

మేనేజరు గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తర్వాత రిజిస్టరు తెరిచారు.

"చివరి ఫోను మీరే తీశారు కదమ్మా?"

"అవునండీ. పదకొండుంపావుకి."

"ఏమన్నాడు?"

"వాతావరణం అడిగాడు."

రిజిస్టరులో ఉన్నదీ నా చేతిరాతే. 'వాతావరణం అడిగారు. చెప్పాను. రెండు నిమిషాలు.' ఆయన తలాడించి మూసేశారు.

మే 21

రెండు నిమిషాలు. వాతావరణం అడిగాడు.

మే 24

గైడ్ల సంఘం విచారణ. పొడవాటి బల్ల వెనక ముగ్గురు పెద్దలు. వదినని రమ్మన్నారు, రానంది. నేను వెళ్ళి మ్యాపు పరిచాను.

పై సరస్సు దగ్గర క్యాంపు నుంచి కనుమకి వెళ్ళాలంటే సరస్సు దాటాలి. తూర్పు ఒడ్డు వెంట చుట్టూ తిరిగితే మూడు గంటలు. గడ్డ మీద నుంచి అడ్డంగా నడిస్తే నలభై నిమిషాలు. నేను గీసి, సంఘం ముద్ర వేసినది ఒడ్డు దారి. అన్నయ్య దాన్ని వదిలేసి గడ్డ మీదికి ఎందుకు వెళ్ళాడన్నదే వాళ్ళ ప్రశ్న.

వెంట ఉన్న ఇద్దరిలో ఒకాయన లెక్కల టీచరు, రెండో ఆయన ఈయన బావమరిది. టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు.

"రాత్రి మంచు బాగా పడిందండీ. ఒడ్డు దారి మీద పైనుంచి రాళ్ళు జారుతున్నాయి. గైడు గారు మమ్మల్ని కూర్చోమని, కాస్త ఎడంగా వెళ్ళి ఫోను చేశారు. తిరిగొచ్చి, 'పర్లేదంది, అయినా ముందు నేను చూసొస్తా, పిలిచేదాకా మీరు కదలొద్దు' అన్నారు. మేం కదల్లేదు."

"పర్లేదంది అంటే? ఎవరంది?"

"వాతావరణం చెప్పే మిషనేదో అనుకున్నామండీ."

అధ్యక్షుడు అదే రాసుకున్నాడు. మన భాషలో మిషనూ 'అంది', ఆడమనిషీ 'అంది'. నేను మ్యాపు అంచు ముడత సరిచేస్తూ నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

మే 25

అడిగితే చెప్పేదాన్నే.

జూన్ 2

నిర్ణయం వచ్చింది. ఒక పేజీ. 'ఆమోదించిన మార్గాన్ని వదిలి గైడు సొంత నిర్ణయంతో గడ్డ మీద అడుగు పెట్టడమే ప్రమాదానికి కారణం.' అంతే, చేతులు దులుపుకున్నారు. సంఘం హాల్లో కొండ మీద ప్రాణాలు పోయిన గైడ్ల ఫోటోలు వరసగా ఉంటాయి. సొంత తప్పు వల్ల పోయినవాళ్ళవి అక్కడ పెట్టరు. అన్నయ్యది పెట్టరు.

కాగితం తెచ్చి వదినకి చదివి వినిపించాను. వింటూనే లేచింది. మూడు వారాల్లో మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"ఏటా ఎండలు మొదలవగానే మాట తీసుకునేదాన్ని. 'కరిగే కాలంలో గడ్డ మీద కాలు పెట్టను' అని నా చేతిలో చెయ్యేసి చెప్పేవాడు. పోయిన నెల కూడా చెప్పాడు. ఆ గుమ్మంలో నిలబడి, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చెప్పాడు. నలభై నిమిషాల దారి కోసం నా మాట నీళ్ళలో కలిపేశాడు."

"వదినా..."

"మీ అన్నయ్యని వెనకేసుకురాకు. ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. నేనంటే ఇంతేనన్నమాట."

గోడ మీద ఆయన ఫోటో తీసి, బట్టల పెట్టెలో అడుక్కి తోసేసి, పెట్టె మూసింది. అప్పుడు మిషను మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు భోజనాల వేళ దాకా ఆగలేదు.

జూన్ 4

నేను చెప్పినా ఏం మారుతుంది? మనిషి తిరిగి వస్తాడా?

జూన్ 9

జూలైలో అన్నయ్యని తేవడానికి మేక ఐదుగురితో వెళ్తాడు. దారి గీసే పని నాకే ఇచ్చారు. పది రోజులుగా అదే పని. పెన్సిలు పెడితే గీత సరస్సు దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. చెరిపి మళ్ళీ గీస్తాను. వాగు పొంగితే ఒకటి, రాళ్ళు జారితే ఒకటి, పొగమంచు పడితే ఒకటి. ఇవాళ మేక వచ్చేసరికి బల్ల మీద తొమ్మిది దారులున్నాయి.

ఆయన నిలబడి అన్నీ చూశాడు. గడ్డం గీక్కున్నాడు.

"ఇన్ని దారులెందుకమ్మా? నాకున్నవి రెండే కాళ్ళు."

"ఏది పోయినా ఇంకోటి ఉండాలి కదా, బాబాయ్."

"వాడికి ఎన్ని గీశావు?"

"ఒకటే."

అన్న తర్వాత తల ఎత్తలేకపోయాను. ఆయన నా మొహంలోకి చూడలేదు. చూసి ఉంటే అక్కడే కక్కేసేదాన్ని. తొమ్మిదింట్లో ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇది చాలు. నువ్వు తిండి తిను ముందు, కొయ్యలా అయిపోతున్నావు" అని వెళ్ళిపోయాడు.

జూన్ 14

చెప్పేశాను.

పొద్దున్న ఒకాయన టెంటు తీసుకుపోవడానికి వచ్చాడు. డబ్బులిచ్చి ఊరుకోకుండా, "మీ వారు కాస్త తొందరపాటు మనిషని విన్నానండీ, నిజమేనా?" అన్నాడు. వదిన టెంటు మడతపెడుతూ, తల తిప్పకుండా, "అవునండీ, తొందరపాటు మనిషే" అంది.

అన్నయ్య! తాడుకి ముడి వేస్తే మూడుసార్లు లాగి చూసుకునే మనిషి. బజారుకి వెళ్తూ గ్యాసు కట్టానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చే మనిషి. ఆయన తొందరపాటు మనిషట. ఆ మాట ఆయన భార్య నోటి నుంచి వచ్చింది, నా వల్ల వచ్చింది.

అతను గేటు దాటగానే అన్నాను. "వదినా, గడ్డ మీద నడవమన్నది నేను."

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అది రెండు నిమిషాల ఫోను కాదు. నాలుగు నిమిషాలు. వాతావరణం అడగనే లేదు.

"గీతలమ్మా, ఒడ్డు దారి పోయింది. పైనుంచి రాళ్ళొస్తున్నాయి. వీళ్ళిద్దర్నీ దాని కింద నడిపించలేను. వెనక్కి తిరగాలి, లేదా సరస్సు మీద నుంచి వెళ్ళాలి. గడ్డ ఎలా ఉంది?" అన్నాడు. నేను ఈ నోటుబుక్కే తెరిచాను. ఐదేళ్ళూ మే నెలాఖరు దాకా గట్టిగా ఉంది. "ఉంటుంది, వెళ్ళు" అన్నాను. "ఖాయమా?" అన్నాడు. "నా మీద నమ్మకం లేదా?" అన్నాను. నవ్వాడు. "నీ మీద లేకపోతే ఇంకెవరి మీదుంటుంది" అని పెట్టేశాడు.

చెప్పి, కొడుతుందనుకుని నిలబడ్డాను. వదిన దగ్గరికొచ్చి నన్ను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే వచ్చింది ఇద్దరికీ.

"అడిగాడన్నమాట" అంది. "నా మాట గాలికి వదిలెయ్యలేదు. అడిగే వెళ్ళాడు."

"నన్నేమీ అనవా వదినా?"

"ఏమంటాను? నీకు తెలిసింది నువ్వు చెప్పావు. ఐదేళ్ళ లెక్క చూసి చెప్పావు. పిచ్చిపిల్లా, నెల రోజులు ఇది ఒక్కదానివే మోశావా?"

పెట్టె తెరిచి ఫోటో తీసింది. కొంగుతో తుడిచి, మేకుకి తగిలించింది. "తిట్టుకున్నానయ్యా నిన్ను" అంది ఫోటోతో.

జూన్ 16

ఇవాళ ఆకలేసింది. వదినా నేనూ ఒకే కంచం ముందు కూర్చుని అన్నయ్య గురకని వెక్కిరించుకుని నవ్వాం. గుండె మీద బండ దిగింది. అంతా చెప్పేశాను.

జూన్ 17

అంతా చెప్పేశాను.

జూన్ 21

వదిన ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని సంఘానికి వెళ్ళింది. కొండ సంగతులేవీ తెలియని మనిషి, ముగ్గురు పెద్దల ముందు బల్ల మీద చెయ్యి వేసి మాట్లాడింది.

"మా ఆయన సొంత నిర్ణయం కాదండీ. ఆఫీసుకి ఫోను చేసి అడిగి, సరేనన్నాకే వెళ్ళాడు. వెళ్ళినప్పుడు కూడా ఆ ఇద్దర్నీ ఒడ్డున ఉంచి తనే వెళ్ళాడు. ఇది తప్పంటారా?"

అధ్యక్షుడు నా వంక తిరిగాడు. "మరి రిజిస్టరులో అలా ఎందుకు రాశారమ్మా?"

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "అన్న పోయిన కంగారులో రాసింది. చేతులు ఆడతాయా ఆ టైములో? నా ఆడపడుచు నాకు కూతురి కింద లెక్క. పన్నెండేళ్ళలో దాని గీత ఒక్కసారి తప్పలేదు. ఈసారి తప్పింది కొండే."

ముగ్గురూ తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకున్నారు. తర్వాత అధ్యక్షుడు అడిగాడు.

"ఆ పూట మీ దగ్గరున్న సమాచారం ఆ ఐదేళ్ళ లెక్క ఒక్కటే. అంతేనా?"

"అంతే" అన్నాను.

నిర్ణయం మార్చి రాశారు. గైడు తప్పు లేదు. ఫోటో పెడతారు. వదిన మెట్లు దిగుతూ నా చెయ్యి వదల్లేదు.

జూన్ 22

అంతే అన్నాను.

జూన్ 23

వాళ్ళు అడిగిన ప్రశ్నకి అది సరైన జవాబే. నేను చూసిన లెక్క అదొక్కటే. చూసినది అదొక్కటే.

జూన్ 28

ఫోటో పెట్టారు. టీచరూ ఆయన బావమరిదీ వచ్చారు. మేక స్టూలెక్కి తనే తగిలించాడు. వంకరగా ఉందని వదిన రెండుసార్లు సరిచేయించింది. బయటికొచ్చాక కనబడిన ప్రతివాళ్ళకీ నన్ను చూపించి, "ఇది ధైర్యం చేసి నిజం చెప్పబట్టి కానీ లేకపోతే ఆయన పేరు మట్టిలో కలిసిపోయేది" అంటోంది. ఒకరికి కాదు, నలుగురికి చెప్పింది. పాలబూతు దగ్గర ఐదో మనిషికి చెబుతుంటే నేను చెప్పుల కోసం వంగినట్టు వంగి మొహం దాచుకున్నాను.

రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

మే పదకొండున ఉదయం ఎనిమిదింటికి సరస్సుల ఫోటోలు వచ్చాయి. వారానికొకసారి శాటిలైటు నుంచి వస్తాయి, కంప్యూటరులో మెయిలుగా. వచ్చినట్టు గంట మోగింది. తెరవలేదు. కొత్త బ్రోషరుకి మ్యాపు పంపాలి, అందులో సరస్సులకి నీలం రంగు వేస్తున్నాను. వారం వారం చూసేవే కదా, ఏం మారి ఉంటాయిలే అనుకున్నాను. అన్నయ్య ఫోను పదకొండుంపావుకి. ఫోటో తెరిచింది పన్నెండున్నరకి. పై సరస్సు పడమటి మూలన, వాగు వచ్చి కలిసే చోట, నల్లటి మరక ఉంది. చిన్నపిల్లలకైనా తెలుస్తుంది అది నీరని.

"ఖాయమా?" అన్నాడు. తెరిచి చూడటానికి పది సెకన్లు పట్టేది.

జూన్ 30

వదిన నాకు కొత్త చలికోటు కుడుతోంది. కొలతలు తీసుకుంది. భుజాలు బాగా దిగిపోయాయంది.

జూలై 1

కోటు చేతులు కుడుతుండగా చెప్పాను. మిషను ఆపలేదు మొదట. ఆపాక, సూది కింద గుడ్డని అలాగే పట్టుకుని అడిగింది.

"ఎన్నింటికొచ్చింది ఫోటో?"

"ఎనిమిదింటికి."

"ఆయన ఫోను?"

"పదకొండుంపావుకి."

"మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఏం చేశావు?"

"బ్రోషరులో రంగులు వేస్తున్నాను."

"ఏ రంగు?"

అదెందుకు అడిగిందో తెలియదు. "నీలం" అన్నాను. "సరస్సులకి."

తల ఊపింది, కూరగాయల ధర విన్నట్టు. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ రోజు నేను నిన్ను పట్టుకుని ఏడుస్తున్నప్పుడు కూడా నీకీ సంగతి తెలుసు."

"తెలుసు."

"సంఘంలో నిన్ను కూతురన్నప్పుడు కూడా."

"తెలుసు వదినా."

మొదలుపెట్టిన కుట్టు చివరిదాకా కుట్టింది, దారం తెంపింది, మిషను మీద కవరు కప్పింది. వంటగదిలోకి వెళ్ళి ఒక్క కంచం పెట్టుకుంది. నా వంతు గిన్నెలో ఉంచి మూత పెట్టింది.

జూలై 2

మాట్లాడలేదు.

జూలై 3

మాట్లాడలేదు. గిన్నె మీద మూత ఉంది.

జూలై 6

సంఘం అధ్యక్షుడి దగ్గరికీ మేనేజరు గారి దగ్గరికీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మెయిలు కాగితం మీద తీసి, వచ్చిన టైమూ తెరిచిన టైమూ గీత గీసి చూపించాను.

మేనేజరు గారు తల పట్టుకున్నారు. "ఎందుకమ్మా ఇప్పుడు తవ్వుకోవడం? ఫోటో పెట్టేశారు, ఆయన పేరు నిలబడింది, మీ వదిన గారు కుదుటపడ్డారు. మీరు నోరెత్తకపోతే ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరండీ. రెండు నెలలుగా అదే చూశాను."

అధ్యక్షుడు కేకలేయలేదు. అన్నయ్య ఫోటో ఉన్నచోటే ఉంటుందన్నాడు. ఇకమీదట నేను గీసిన దారికి సంఘం ముద్ర పడదన్నాడు. అది రాసిచ్చేదాకా కూర్చుని, సంతకం పెట్టి వచ్చాను. సొరుగుల తాళాలు ఇచ్చేశాను. పన్నెండేళ్ళ పెన్సిళ్ళన్నీ కలిపితే ఒక గుప్పెడు.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాను వదినకి. టెంటు గుడ్డ కత్తిరిస్తోంది. కత్తెర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

జూలై 11

వదిన పక్కింటావిడతో మాట్లాడుతుంటే కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఏం మాటలైనా ఫర్వాలేదు, ఆ గొంతు వినాలనిపించింది. గోడ సున్నం గురించి మాట్లాడుతోంది.

జూలై 15

మేక వచ్చాడు. గడ్డ పూర్తిగా కరిగిందట. పద్దెనిమిదిన బయల్దేరతారు. వదిన కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, "నేనూ వస్తాను" అంది.

"అమ్మా, నీ మోకాళ్ళతోనా? వాణ్ణి జాగ్రత్తగా కిందికి తెచ్చి నీకప్పజెప్పే పూచీ నాది."

"వస్తాను బాబాయ్. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన వెనక పైకి వెళ్ళలేదు." నేను ఆ గదిలో లేనట్టే, "అది కూడా రావాలి" అంది. "అది గీసిన చోటు అది చూడాలి."

మేక నావంక చూశాడు. నేను సరేనన్నాను. ఆ సరస్సుని నేను ఒకే ఒక్కసారి చూశాను, ఇరవై ఏళ్ళ కిందట, అదీ దూరం నుంచి.

"అయితే దారి మార్చాలి" అన్నాడు మేక. "నీ తొమ్మిదింట్లో ఏదీ మీ వదిన నడిచేది కాదు. సంఘం ముద్ర లేకపోతే లేదు, గీసిపెట్టు."

జూలై 16

వదిన కోసం దారి. ఆవిడ గంటకి ఎంత నడుస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు. కూరగాయల బజారుకి కలిసి వెళ్ళిన రోజులు గుర్తు తెచ్చుకున్నాను. వెళ్ళేటప్పుడు ఎక్కడ ఆగుతుంది, సంచీతో వచ్చేటప్పుడు ఎక్కడ కూర్చుంటుంది, మెట్లు ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు వేస్తుంది. రెండు రోజుల దారిని నాలుగు రోజులు చేశాను. నిటారు చోట్లన్నీ చుట్టు తిప్పాను. గంట గంటకీ కూర్చోవడానికి రాళ్ళున్న చోటు చూశాను, మధ్యాహ్నం రెండింటికల్లా టెంటు పడేలా. అన్నిటికీ కొత్త ఫోటోలు మేక చేత తెప్పించుకుని ఒక్కొక్కటీ తెరిచి చూశాను.

జూలై 20

మూడో క్యాంపు. వదిన నా ముందు నడుస్తోంది. కాలి మడమల దగ్గర సాక్సు జారిపోతోంది, చెప్పాలని ఉంది. మేకతో చెప్పించాను.

జూలై 21

పదింటికి సరస్సు చేరాం. నేను నీలం వేసే సరస్సు నీలం కాదు. బూడిదరంగు, అంచుల్లో పచ్చ. గాలికి చిన్న అలలు. తూర్పు ఒడ్డున రాళ్ళు ఇంకా జారుతూనే ఉన్నాయి, టకటకమని. ఆ చప్పుడు ఆయన ఫోనులో వినిపించింది నాకు. అప్పుడు అది లైనులో గరగర అనుకున్నాను.

పడమటి మూలన, ఒడ్డుకి నలభై అడుగుల్లో, రెండు నిలువుల లోతులో ఉన్నాడు. గాలి పడవ మీద వెళ్ళి, పొడవాటి కొక్కేల కర్రలతో మేకా మరో ఇద్దరూ పైకి తెచ్చారు. నీళ్ళు చల్లనివి కావడం వల్ల గుర్తు పట్టలేనంతగా ఏమీ మారలేదు. అది మంచో చెడో నాకు తెలియదు.

పరిచిన పట్టా మీద పడుకోబెట్టారు. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయన కోటు ఆవిడ కుట్టిందే. జేబు దగ్గర కుట్టు ఊడిందేమోనని వేలితో తడిమి చూసింది. సగం తెరుచుకున్న జిప్పుని గడ్డం దాకా లాగింది.

"ఎంత చలేసిందో" అంది.

నేను పది అడుగుల దూరంలో నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళే హక్కు ఉందో లేదో తెలియలేదు. మేక వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టాడు. వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి, దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. ఒక్కటీ రాలేదు. "అన్నయ్యా, చూడలేదు" అన్నాను. "నేను చూడలేదు."

వదిన విన్నది. కదల్లేదు.

జూలై 25

నిన్న మధ్యాహ్నం ఇంటికి చేరాం. దిగిన సంగతి ఇవాళ రాస్తున్నాను.

అన్నయ్యని స్ట్రెచరు మీద కట్టి వాళ్ళు ముందు నడిచారు. వెనక వదిన, ఆవిడ వెనక నేను. ఎక్కడం ఎలాగో ఎక్కేసింది గానీ, దిగేటప్పుడు మొదటి రాళ్ళ వాలులోనే మోకాళ్ళు వణికిపోయాయి. రెండుసార్లు కూర్చుండిపోయింది. మూడోసారి కాలు జారింది. నేను ముందుకి వెళ్ళి, ఆవిడకి వీపు తిప్పి, ఒక మెట్టు కింద నిలబడ్డాను. ఏమీ అనలేదు. అంటే కాదంటుందని భయం.

కాసేపటికి నా కుడి భుజం మీద చెయ్యి పడింది.

అలాగే దిగాం. రెండున్నర రోజులు. నేను కాలు పెట్టిన రాయి మీదే ఆవిడ కాలు పెట్టింది. కదిలే రాయి వస్తే ముందు నేను తొక్కి చూసి, ఆగి, అడుగు వేశాను. వాలు ఎక్కువైనచోట ఆ చెయ్యి బరువెక్కేది, చదునుగా ఉన్నచోట తేలికయ్యేది, కానీ తీయలేదు. టెంట్ల దగ్గర మాత్రం విడిగా కూర్చునేది, విడిగా తినేది. పొద్దున్నే నేను వెళ్ళి ఒక మెట్టు కింద నిలబడేదాన్ని. మళ్ళీ చెయ్యి పడేది. ఒక్క మాట లేదు. భుజం కదుములు కట్టింది, ఇవాళ చెయ్యి ఎత్తలేకపోతున్నాను. నెప్పి పోకుండా ఇంకొన్నాళ్ళుంటే బాగుండుననిపిస్తోంది.

రోడ్డు కనబడింది. జీపు నిలబడి ఉంది. తారు మీద కాలు పెట్టగానే వదిన చెయ్యి తీసేసింది.

అన్నయ్యని జీపు వెనక భాగంలోకి ఎక్కించారు. వదిన ఎక్కి ఆయన తల దగ్గర కూర్చుంది. నేను వెనక ఇంకో బల్ల మీద ఎక్కబోయాను. ఆవిడ నా వైపు చూడకుండా మేకతో అంది.

"దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి బాబాయ్. మలుపుల్లో దానికి వాంతులవుతాయి."

వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. ఇంటిదాకా వెనక్కి తిరిగి చూడలేదు.